మన కొండల మీద అడవి రీసెర్చ్ చేయాలంటే ఎక్కడ మొదలెట్టాలి

తిత్లీ తుపాను శ్రీకాకుళం తీరంలోని మా ఉద్దానం వాళ్లెవరూ మర్చిపోరు కదా, 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పుడు డిగ్రీ ఫైనలియర్. తెల్లారేక తలుపు తీస్తే మా కొబ్బరి తోటలో సగం చెట్లు నేల మీదున్నాయి, జీడిచెట్లు వేర్లతో సహా లేచిపోయాయి, చెరువుగట్టు మీద తాటిచెట్లు మాత్రం మట్టలు చిరిగిపోయి అలాగే నిలబడి ఉన్నాయి. మా నాన్న వాటికేసి చూసి "ఇవెందుకు పడలేదో" అన్నాడు, అంతే, ఆ రోజంతా ఇంకేం మాటాడలేదు. ఆ ప్రశ్నకి జవాబు వెతకడానికే జీతం ఇచ్చే ఉద్యోగాలుంటాయని నాకప్పుడు తెలీదు, బోటనీ చదివితే బీఈడీ చేసి టీచర్ అవ్వాలి, లేపోతే మెడికల్ రెప్ అవ్వాలి అనుకునేవాణ్ణి. ఇప్పుడు అదే పని చేస్తున్నాను కాబట్టి మన శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం పిల్లలెవరైనా ఇటు రావాలనుకుంటే ఎలా రావాలో నాకు తెలిసినంతవరకు రాస్తున్నా.

ముందు ఈ పనేంటో అర్థం చేసుకోండి. ఎండలు ముదురుతున్నాయి, వానలు టైముకి రావట్లేదు, తుపాన్లు గట్టిగా కొడుతున్నాయి, వీటిని అడవి ఎంతవరకు తట్టుకుంటుంది, దెబ్బ తిన్నాక ఎంత త్వరగా లేస్తుంది, లేచినా పాత అడవిలాగే లేస్తుందా ఇంకేదో అయిపోతుందా, ఈ మూడు ప్రశ్నలే రెసిలియన్స్ అంటే. హోలింగ్ అనే కెనడా సైంటిస్టు 1973లో ఈ మాటని ఎకాలజీలోకి తెచ్చాడు, కాని మన తోటలో కూడా ఇదే కథ. కొబ్బరికి పెరిగే మొవ్వు ఒక్కటే, అది విరిగితే ఇంక ఆ చెట్టు పనైపోయినట్టే. జీడిచెట్టు పడిపోయినా వేరు కొంచెం నేలలో ఉంటే కొమ్మలు కోసేసి వదిలేయండి, మళ్లీ చిగురేస్తుంది, మా తోటలో అలా లేచినవి ఇప్పుడు కాపు కాస్తున్నాయి. తాటి తట్టుకుంది, జీడి పడి లేచింది, కొబ్బరి పోయింది. ఒకే గాలి, మూడు జవాబులు. కొండ మీద అడవిలో అయితే ఇలాంటి జాతులు వందల్లో ఉంటాయి, ఒక్కో దానిది ఒక్కో జవాబు.

మొదటి పని, గ్రూపు గురించి కంగారు పడొద్దు. బైపీసీ వాళ్లే రావాలని రూలేం లేదు. బోటనీ, జువాలజీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్, జాగ్రఫీ, స్టాటిస్టిక్స్, ఆఖరికి సివిల్ బీటెక్ చేసి శాటిలైట్ బొమ్మల వైపు నుంచి వచ్చినవాళ్లు కూడా మా దగ్గర ఉన్నారు. బీఎస్సీ ఫారెస్ట్రీయే కావాలంటే సిద్దిపేట జిల్లా ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉంది, అయితే అది తెలంగాణది, కాబట్టి మనవాళ్లకి సీటు ఏ కోటాలో వస్తుందో ముందే కనుక్కోండి. సీటు రాలేదని ఏడవక్కర్లేదు, మామూలు డిగ్రీ కాలేజీలో బోటనీ చదివినా చాలు, నేనదే. కాకపోతే ఒక్కటి, స్టాటిస్టిక్స్ ఎక్కడో ఒకచోట నేర్చుకు తీరాలి. మన కాలేజీల్లో ఎండబెట్టిన మొక్కలతో వంద హెర్బేరియం షీట్లు అతికిస్తారు గాని ఒక్క గ్రాఫ్ గీయించరు, లెక్కలంటే భయపడి బైపీసీకి వచ్చినవాళ్లం కదా మనం, ఆ భయం ఇక్కడ బాగా దెబ్బ కొడుతుంది, నాకు ఎమ్మెస్సీలో కొట్టింది.

రెండో పని, దీని గురించే ఎక్కువ రాస్తాను ఎందుకంటే ఎవ్వరూ చెప్పరు. డిగ్రీ అయ్యేదాకా ఆగకుండా ఇప్పుడే మీ ఊరి దగ్గర ఒక ప్లాట్ పెట్టుకోండి. ఇళ్ల ప్లాట్ కాదు, చెట్లు కొలిచే ప్లాట్.

రిజర్వ్ ఫారెస్టులోకి ఊరికే వెళ్లి మేకులు కొట్టేస్తే కేసవుతుంది, దానికి ఫారెస్ట్ డిపార్ట్‌మెంట్ పర్మిషన్ కావాలి, అదే శాంక్చురీ అయితే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ దాకా వెళ్లాలి. కాబట్టి ముందు మీ సొంత జీడితోటో, ఊరి గ్రామదేవత తోపో, సముద్రం ఒడ్డున అయితే సరుగుడు తోటో చూసుకోండి, పెద్దలకి చెప్పి మొదలెట్టండి. 20 మీటర్లు పొడవు, 20 మీటర్లు వెడల్పు. నాలుగు మూలలా రాళ్లు పాతి, ప్లాస్టిక్ తాడు కట్టి, లోపల ఉన్న ప్రతి చెట్టుకీ నంబర్ వేయాలి. టైలర్ షాపులో దొరికే టేపు చాలు. కాండాన్ని నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో చుట్టుకొలత తీయండి, దాన్ని 3.14తో భాగిస్తే అడ్డుకొలత వస్తుంది, చుట్టు 63 సెంటీమీటర్లు వచ్చిందనుకోండి అడ్డం 20. మన ఫారెస్ట్ వాళ్లు 1.37 మీటర్ల దగ్గర కొలుస్తారు, రీసెర్చ్ ప్లాట్లలో ఎక్కువగా 1.3, ఏదైనా ఫరవాలేదు గాని ఏ ఎత్తో పుస్తకంలో రాసుకోండి, వచ్చే ఏడాది కూడా సరిగ్గా అక్కడే కొలవాలి, అందుకే కొలిచినచోట పెయింట్‌తో సన్న గీత గీయాలి. వాలులో ఉన్న చెట్టుకి పైవైపు నిలబడి ఎత్తు చూసుకోవాలి. కింద నుంచే రెండు మూడు కాండాలుగా చీలిన చెట్టుకి అన్నీ విడివిడిగా కొలవాలి. కొలిచేచోట బుడిపె ఉంటే కొంచెం పైకి జరిగి ఎంత జరిగామో రాయాలి. నంబర్ బిళ్లకి అల్యూమినియం మేకు వాడండి, గీతకి దూరంగా కొట్టండి, పూర్తిగా దిగ్గొట్టేయకుండా రెండు వేళ్లంత బయట వదలండి, చెట్టు లావెక్కుతూ బిళ్లని మింగేస్తుంది. నేను మొదటి ఏడాది మొత్తం దిగ్గొట్టేశాను, మూడో ఏడాదికి సగం నంబర్లు బెరడు లోపలికెళ్లిపోయాయి.

పెద్ద చెట్లు కొలవడం ఈజీ. అసలు సంగతి కింద ఉన్న మొక్కల్లో ఉంటుంది, ఎందుకంటే రేపటి అడవి అదే. ప్లాట్ లోపల ఒక మూల ఒక మీటరు చదరం గుర్తు పెట్టి అందులో ఎన్ని మొలకలున్నాయి, ఏ జాతివి, ఎంత ఎత్తు, ఇవి ఏడాదికి రెండుసార్లు, ఎండాకాలం చివర ఒకసారి, వానలయ్యాక ఒకసారి లెక్కపెట్టండి.

ఇక్కడ నేను చేసిన తప్పు చెప్తాను. ఎమ్మెస్సీ ప్రాజెక్ట్‌కి పర్మిషన్ తీసుకుని సీతంపేట వైపు కొండల్లో గుగ్గిలం, అదే సాల్ చెట్టు, మొక్కలు లెక్కపెట్టాను. అది ఏప్రిల్, ఎండ మండిపోతోంది. జానెడు మొక్కలన్నీ ఎండిపోయి గోధుమరంగులో ఉన్నాయి, నేను నోట్‌బుక్‌లో వరసగా చనిపోయింది, చనిపోయింది అని రాసుకుంటూ పోతున్నాను. దారి చూపించడానికి వచ్చిన సవర గిరిజన తాత కాసేపు చూసి, "ఏటి రాస్తన్నావు బాబూ?" అన్నాడు. చెప్పాను. నవ్వాడు. "అది ఏటేటా సస్తాది, వానకి మళ్లీ లెగుస్తాది. నువ్వు ఎండల్లో ఒక్కపాలి వచ్చి సచ్చిపోనాదని రాసుకుపోతే అదేటి లెక్క?" అని, ఒక మొక్క పక్కన మట్టి తీసి వేరు చూపించాడు, పైన పుల్లంత మొక్కకి కింద బొటనవేలంత లావు వేరు. గుగ్గిలం మొలక ఏళ్ల తరబడి పైన ఎండిపోతూ, కింద వేరు బలుపుకుంటూ ఉండి ఉండి ఒక ఏడాది ఒక్కసారిగా పైకి లేస్తుందని తర్వాత ఫారెస్ట్రీ పుస్తకాల్లో చదివాను, దానికి డై బ్యాక్ అని పేరు కూడా ఉంది. తాతకి పేరు తెలీదు గాని లెక్క తెలుసు. ఆగస్టులో మళ్లీ వెళ్తే నేను చనిపోయాయని రాసినవాటిలో చాలావరకు పచ్చగా ఉన్నాయి. అందుకే చెప్తున్నా, ఒక్కసారి కొలిచింది ఫోటో లాంటిది, మళ్లీ అదే మొక్క దగ్గరకి వెళ్తేనే మీకు రెసిలియన్స్ గురించి మాట్లాడే హక్కు వస్తుంది.

ఈ గుగ్గిలం సంగతి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇదే మన ప్రాంతం ప్రత్యేకత. హిమాలయాల కింద నుంచి ఒడిశా మీదుగా వచ్చే గుగ్గిలం అడవులు ఇక్కడ మన ఉత్తరాంధ్ర ఏజెన్సీ కొండల్లో దాదాపు ఆగిపోతాయి, ఇది వాటి దక్షిణపు అంచు. ఏ జాతికైనా వేడి వైపు అంచులో ఉన్న చెట్లకే ముందు కష్టమొస్తుందని అంచనా. పైగా దీని గింజ జూన్‌లో తొలివానల వేళకి రాలుతుంది, రాలాక వారం పది రోజుల్లో మొలకెత్తే శక్తి పోతుంది. రుతుపవనాలు పది పన్నెండు రోజులు లేటయ్యాయనుకోండి, ఆ ఏడాది గింజంతా ఎండలో వేగిపోతుంది. పెద్ద చెట్లకి ఏమీ కాదు, శాటిలైట్‌కి అడవి పచ్చగానే కనిపిస్తుంది, కింద పిల్లల తరం మాత్రం ఉండదు. బెంగళూరులో కూర్చున్న స్టూడెంట్‌కి జూన్‌లో ఏ రోజు గింజ రాలిందో, ఏ రోజు వాన పడిందో తెలియాలంటే రైలెక్కి రావాలి. మీరు ఇంటి దగ్గర నుంచి బైక్ మీద వెళ్లొచ్చేస్తారు. ఆ రెండు తేదీలు ఐదేళ్లు వరసగా రాసుకున్న పిల్లాడిని ఏ ప్రొఫెసరూ వదులుకోడు.

పెద్ద ప్లాట్లు ఎలా ఉంటాయో తెలియాలంటే ముదుమలై గురించి చదవండి. నీలగిరుల కింద ఆ అడవిలో బెంగళూరు ఐఐఎస్సీ వాళ్లు 1988లో 50 హెక్టార్ల ప్లాట్ పెట్టారు, ఏనుగుల సైంటిస్టుగా అందరికీ తెలిసిన రామన్ సుకుమార్ గారి టీమ్. ఒక సెంటీమీటరు లావున్న కాండం నుంచి అన్నిటికీ నంబరుంది, నాలుగేళ్లకోసారి మొత్తం మళ్లీ కొలుస్తారు, మధ్యలో కరువులు, నిప్పులు, ఏనుగులు అన్నీ ఆ లెక్కలో పడ్డాయి. మన తూర్పు కనుమల్లో కూడా అంత పెద్దది, అన్నేళ్లది ఒకటి ఉంటే బాగుండునని నా బాధ.

మూడో పని కంప్యూటర్. లెక్కలకి ఆర్, మ్యాపులకి క్యూజీఐఎస్, శాటిలైట్ బొమ్మలకి గూగుల్ ఎర్త్ ఇంజిన్, మూడూ చదువుకునేవాళ్లకి ఫ్రీ. డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ వాళ్లు రిమోట్ సెన్సింగ్ (శాటిలైట్ బొమ్మలు చదవడం) మీద ఆన్‌లైన్ కోర్సులు ఫ్రీగా పెడతారు, సర్టిఫికెట్ కూడా ఇస్తారు, చేసేయండి. మొదటి ప్రాక్టీస్‌గా మీ మండలాన్నే తీసుకోండి. సెంటినెల్ 2 శాటిలైట్ బొమ్మలు 10 మీటర్ల వివరంతో ఐదు రోజులకోసారి వస్తాయి, 2018 సెప్టెంబర్‌వి, నవంబర్‌వి పక్కపక్కన పెట్టి ఎన్‌డీవీఐ తీయండి, అంటే పచ్చదనం లెక్క, తిత్లీ దారి మీకే కనిపిస్తుంది. అక్టోబర్ బొమ్మల్లో మబ్బులు ఎక్కువ, వాటితో తల కొట్టుకోవద్దు. ఇంకా వెనక్కి వెళ్లాలంటే లాండ్‌శాట్ శాటిలైట్ ఉంది, 1980ల నుంచి 30 మీటర్ల వివరంతో, 2008 నుంచి ఆ బొమ్మలు అందరికీ ఉచితం.

అయితే ఒక మోసం ఉంది, పచ్చదనం తిరిగొచ్చింది కదా అని అడవి తిరిగొచ్చిందని రాసేయకండి. నిప్పు పడ్డ కొండ మీద తలంబ్రాల కంప, అదే లాంటానా, రెండేళ్లలో కమ్మేస్తుంది, పైనుంచి చూస్తే అదీ పచ్చగానే ఉంటుంది. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో కూడా, హెక్టారు పైన ఉండి చెట్ల నీడ 10 శాతం దాటితే చాలు, భూమి ఎవరిదైనా, చెట్టు ఏదైనా ఫారెస్ట్ కవర్ కిందకే వస్తుంది. ఆ లెక్కన మా జీడితోట కూడా అడవే! మా నాన్నకి చెప్తే "అయితే రేంజర్‌ని వచ్చి కాపలా కాయమను" అన్నాడు. అందుకే శాటిలైట్ నేర్చుకోండి కాని కాళ్లు కూడా అరగాలి, రెండూ వచ్చినవాళ్లు చాలా తక్కువమంది, వాళ్లకే డిమాండ్.

నిప్పుల మీద ఆసక్తి ఉంటే ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా (ఎఫ్ఎస్ఐ) వాళ్ల ఫైర్ అలర్ట్‌కి రిజిస్టర్ చేసుకోండి, మన జిల్లా అడవుల్లో ఎక్కడ శాటిలైట్‌కి మంట కనిపించినా మెసేజ్ వస్తుంది. ఫిబ్రవరి నుంచి మే దాకా ఫోన్ మోగుతూనే ఉంటుంది. అందులో పోడు కాల్చినవి ఏవి, అడవి తగలబడినవి ఏవి అని విడదీయడమే ఒక మంచి ఎమ్మెస్సీ ప్రాజెక్ట్.

తర్వాత ఎక్కడ చదవాలి. ఆంధ్రా యూనివర్సిటీలో బోటనీ, ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్ ఉన్నాయి, ఇంటికి దగ్గర. పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ప్లాంట్ సైన్సెస్, డెహ్రాడూన్ ఫారెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్ఆర్ఐ)లో ఎమ్మెస్సీ ఫారెస్ట్రీ, అక్కడే వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్‌లో వైల్డ్‌లైఫ్ బయాలజీ. ఎన్‌సీబీఎస్ వాళ్లు ప్రతి ఏడాదీ బ్యాచ్ తీసుకోరు, నోటిఫికేషన్ మీద కన్నేసి ఉంచాలి. పీహెచ్‌డీకి ఐఐఎస్సీ, బెంగళూరులోనే ఉన్న ఏట్రీ, తిరుపతి ఐసర్ లాంటివి. పరీక్షలకొస్తే సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్, యూజీసీ నెట్‌లో ఎన్విరాన్‌మెంటల్ సైన్సెస్, గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని పేపరే ఉంది, మనవాళ్లలో చాలామందికి ఆ పేపర్ ఉందనే తెలీదు. జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్లకి ఇచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకి 37,000, తర్వాత 42,000, ఇంటద్దె అలవెన్స్ వేరే, 2023 జనవరి నుంచి ఈ రేటు.

ఆ డబ్బు ప్రతి నెలా ఒకటో తారీకు పడుతుందనుకోవద్దు. నాకు ఒక ప్రాజెక్టులో ఐదు నెలలు ఆగిపోయి ఒకేసారి వచ్చింది, ఆ ఐదు నెలలూ మెస్ బిల్లు మా బావ కట్టాడు. చేరేముందే కనీసం మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకోండి.

ఇంక ప్రొఫెసర్లకి మెయిల్ రాయడం. "గౌరవనీయులైన సార్, నాకు ప్రకృతి అంటే చిన్నప్పటి నుంచి చాలా ఇష్టం, మీ ల్యాబ్‌లో అవకాశం ఇవ్వగలరు" అని రాసి అదే మెయిల్ నలభైమందికి పంపిస్తారు, ఒక్కడూ జవాబివ్వడు. దాని బదులు ఆయన పేపర్ ఒకటి నిజంగా చదివి, మీ ప్లాట్ సంగతి నాలుగు లైన్లలో రాయండి. మా ఊరి దగ్గర 20 మీటర్ల ప్లాట్ ఉంది, 61 చెట్లు, మూడేళ్లు కొలిచాను, ఇన్ని పోయాయి, ఇన్ని కొత్తగా వచ్చాయి, మీ పేపర్‌లో ఇలా ఉంది మా దగ్గర అలా లేదు ఎందుకో అర్థం కావట్లేదు, ఎక్సెల్ షీట్ జతచేశాను. ఇంగ్లీష్ తప్పులున్నా ఫరవాలేదు. నేను ఇలా ఆరుగురికి రాశాను, ఇద్దరు జవాబిచ్చారు, ఒకాయన రెండు నెలలు సమ్మర్‌కి రమ్మన్నాడు.

కొండ మీద ఎలా మెలగాలో కూడా ఇందులో భాగమే. సవర, జాతాపు ఊళ్లలోకి వెళ్లినప్పుడు ముందు పెద్దల్ని కలిసి ఎందుకొచ్చారో చెప్పండి, 2006 అటవీ హక్కుల చట్టం కింద హక్కులున్న ఊళ్లలో గ్రామసభని అడగాలి. మీరు కాగితాలు పట్టుకుని చెట్లు కొలుస్తుంటే పోడు భూములు లాక్కోడానికి వచ్చారనుకుంటారు, అలా అనుకోవడంలో తప్పేం లేదు. దారి చూపించినవాళ్లకి రోజు కూలి ఇవ్వండి, టీ తాగించి సరిపెట్టకండి. అడ్డాకు ఎప్పుడు కోస్తారు, ఇప్పపువ్వు ఈ ఏడు ముందొచ్చిందా వెనకొచ్చిందా, జీలుగు కల్లు ఎన్నాళ్లు దిగింది, ఇవన్నీ వాళ్లకి వేళ్ల మీద లెక్క, చెప్పినవాళ్ల పేరు అనుమతి ఉంటే పేపర్‌లో వేయండి. దోమతెర తప్పనిసరి, ఏజెన్సీ మలేరియాతో ఆటలొద్దు. కురుపాం, పార్వతీపురం వైపు ఏనుగుల గుంపు తిరుగుతుంటుంది కాబట్టి ముందురోజు రాత్రే బీట్ ఆఫీసర్‌కి ఫోన్ చేసి ఎటున్నాయో కనుక్కోండి.

ఇంట్లో అడుగుతారు, చివరికి ఇది ఉద్యోగమేనా అని. పీహెచ్‌డీ అయ్యాక కేంద్రం అటవీ పరిశోధన మండలి (ఐసీఎఫ్ఆర్ఈ) సంస్థల్లో సైంటిస్ట్ బి పోస్టులుంటాయి, జీతం లెవెల్ 10, బేసిక్ 56,100తో మొదలు. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి 57,700. ఎన్జీవోలు, కార్బన్ ప్రాజెక్టుల కంపెనీలు, కంప్యూటర్ మ్యాపుల (జీఐఎస్) ఉద్యోగాలు ఇంకో దారి, వీటికి పీహెచ్‌డీ లేకపోయినా నడుస్తుంది. రెగ్యులర్ పోస్టులు తక్కువ, ముప్పై దాటినా ప్రాజెక్టుల మీదే తిరిగేవాళ్లు ఉన్నారు, అది దాచను. మా అమ్మ ఇప్పటికీ చుట్టాలకి నేను ఫారెస్టు ఆఫీసర్నని చెప్తుంది, సరిదిద్దడం మానేశాను. మీకు నిజంగా యూనిఫామ్ కావాలంటే ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ (ఐఎఫ్ఎస్)కో, ఏపీపీఎస్సీ రేంజ్ ఆఫీసర్‌కో చదవండి, అది అడవిని నడిపే పని, మాది లెక్క రాసే పని, రెండూ కలిపి గందరగోళపడి మధ్యలో వదిలేసినవాళ్లని చూశాను.

ప్లాట్ పెట్టాలనుకుంటే మాత్రం మే నెలలోనే పెట్టేయండి. అప్పుడు బెరడు పొడిగా ఉంటుంది, జూన్‌లో మొదటి వాన పడ్డాక తడి బెరడు మీద పెయింట్ అంటదు. పసుపు రంగు కొనండి, ఎరుపు రెండేళ్లలో వెలిసిపోతుంది.